మిర్యాలగూడలో మొరాకో రిహార్సల్

ఉత్తర ఆఫ్రికా పటానికి మా పిల్లలు సముద్రపు ఒడ్డు దాకా పసుపు రంగే వేసేవారు. నేను ఊరుకునేదాన్ని. ఎడారి పసుపు, అడవి ఆకుపచ్చ, నీళ్లు నీలం అని చెప్పడం సులువు. ఆ తీరం వెంబడి గోధుమలు పండుతాయని, ఆలివ్ తోటలుంటాయని, వెనక కొండల మీద మంచు పడుతుందని నాకు తెలియక కాదు. పటం గుర్తించే ప్రశ్నకు అంత వివరం అక్కర్లేదు, మార్కులు వేసేసేదాన్ని. కోదాడ పక్కన చిలుకూరు దగ్గరి ప్రభుత్వ పాఠశాలలో సోషల్ చెప్తూ చాలా ఏళ్లు అట్లాగే గడిపాను.

ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో నేను నోటు పుస్తకాలు దిద్దుతుంటే, పక్కన కూచున్న లెక్కల టీచర్ ఒకటి తీసి చూసింది. ఆమె నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. రోజూ మిర్యాలగూడ నుంచి వచ్చి పోయేది. రిటైర్మెంటుకు ఏడాది ఉంది. నేను అక్కా అని పిలిచేదాన్ని.

"ఒడ్డు దాకా పసుపేనా చెల్లె? గీడ మనుషులే ఉండరా?"

"ఉంటరక్కా. పెద్ద పెద్ద పట్నాలున్నయి."

"నువ్వు సూశినవా?"

"నేనేడ సూస్త?"

"నేనూ సూడలే. రిటైరయినంక పోదాం పా," అని పుస్తకం మూసి గంట కొట్టగానే క్లాసుకు వెళ్లిపోయింది.

స్టాఫ్ రూములో ఇట్లాంటి మాటలు చాలా నడుస్తాయి. కేదార్‌నాథ్ పోదామంటారు, అండమాన్ పోదామంటారు. ఎవరూ ఎక్కడికీ పోరు. అందుకే నేను దాన్ని పట్టించుకోలేదు. మరుసటేడు వీడ్కోలు సభ అయిన పదిహేను రోజులకు ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

"నా పాస్‌పోర్ట్ వొచ్చింది. నీదెంత దూరమొచ్చింది?"

నేను దరఖాస్తే పెట్టలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి "పెట్టినక్కా" అని, మర్నాడు పెట్టాను.

మా ఇల్లు సూర్యాపేటలో. మా ఆయనకు ట్రాక్టర్ విడిభాగాల దుకాణం ఉంది. అన్నం తింటున్నప్పుడు విషయం చెప్పాను.

"ఏడికి?"

"మొరాకో."

"ఏమున్నదాడ?"

పాత నగరాల గురించి, రెండు సముద్రాలు కలిసే చోటు గురించి చెప్పాను. క్లాసులో చెప్పినంత బాగా వచ్చింది. ఆయన ఓపిగ్గా విని, "తిండి?" అన్నాడు. ఫోన్‌లో వాళ్ల భోజనం వీడియో చూపించాను. కూరగాయలు, మాంసం కింద పరిచిన గోధుమ రవ్వను చూసి ఆయన నవ్వాడు.

"గిది ఉప్మా రవ్వ గదనే. గీ రవ్వ తినెతందుకు రెండు విమానాలెక్కాల్నా?"

మీరూ రండి అన్నాను. రానన్నాడు. "నువ్వు పోతే పో" అని చెయ్యి కడుక్కుని దుకాణానికి వెళ్లిపోయాడు. ఆ మాటలో కోపం లేదు, సంతోషం కూడా లేదు. అప్పటికి అది నాకు చాలనిపించింది. ఆయన చెల్లెలు మాత్రం ఫోన్ చేసి, "సద్దుల బతుకమ్మకు గిట్ల లేకుంట పోతవా వదినా?" అని అడిగింది. దసరా సెలవులకు ముందు మూడు రోజులు సెలవు పెట్టి బయలుదేరి, సద్దుల ముందు రోజుకు ఇంట్లో ఉండేటట్టు తేదీలు చూసుకున్నాం. పోనూ రానూ ప్రయాణం పోగా అక్కడ ఏడు రోజులు మిగిలాయి.

ఇద్దరికీ సమదూరం కనక కోదాడలో కలిసేవాళ్లం. శనివారం బడి వదిలాక నేను, మిర్యాలగూడ బస్సు దిగి ఆమె, బస్టాండ్ ఎదుటి హోటల్లో ఫ్యామిలీ సెక్షన్‌లో కూచునేవాళ్లం. నేను ఏడు రోజులకు గళ్లు గీసి పట్టిక తయారుచేశాను. ఐదు నగరాలు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. భోజనానికి నలభై అయిదు నిమిషాలు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది.

"గిది టూరా, టైం టేబులా? గీ మూడో పీరియడ్ల సముద్రం కాడ గంటనే ఇచ్చినవేంది?"

"ఇంకేం చేస్తమక్కా ఆడ?"

"ఏం చెయ్యం. ఊకె కూసుంటం. నాకు రెండు పొద్దులు కావాలె."

నేను గంటను గంటన్నర చేశాను. ఆమె సరేనని పట్టిక మడిచి ఇచ్చేసింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. లెక్కల టీచర్‌గా ఆమె ఎవరితోనూ అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు.

టికెట్ల కోసం కోదాడలోనే ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గరికి వెళ్లాం. మేడమీద చిన్న గది. గోడకు ఒక పక్క మక్కా ఫొటో, ఇంకో పక్క యెరూషలేము ఫొటో. ఆయన అక్క మెడలోని సిలువ చూశాడు.

"యెరూషలేమేనా మేడం? మన దగ్గర మంచి ప్యాకేజీ ఉందండి. పాస్టర్ గారు కూడా వస్తారు."

"యేసయ్యను మా చర్చిలనే సూస్తున్న తమ్ముడూ. మాకు మొరాకో కావాలె."

"మొరాకోనా? అక్కడికెవరూ వెళ్లరండీ."

"మేం పోతున్నం గదా."

ఆయన కొంచెంసేపు కంప్యూటర్‌లో వెతికి, హైదరాబాద్‌లో ఎక్కి గల్ఫ్‌లో మారితే కాసాబ్లాంకాలో దిగొచ్చని, వీసా ఆన్‌లైన్లోనే వస్తుందని చెప్పాడు. ఆ ఊరి పేరు రెండుసార్లు పలికి చూసుకున్నాడు. కిందికి దిగేటప్పుడు మెట్ల దగ్గర అక్క రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. చీర కుచ్చిళ్లు అడ్డం పడుతున్నాయంది. నమ్మాను.

నాది ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి దేశం దాటడానికి శాఖ అనుమతి కావాలి. హెడ్మాస్టర్ దరఖాస్తు చూసి, "ఉద్దేశం కాడ 'చూడటానికి' అని రాసిన్రు మేడం. గిట్ల రాస్తే వాపసొస్తది. విహారయాత్ర అని రాయుండ్రి" అన్నారు. మార్చి రాశాను.

పట్టికలో మూడో రోజు ఫెస్ నగరం. అక్కడి పాత ఊరిలోకి బండ్లు రావని, ఇరుకు సందుల్లో ఎవరి పెట్టె వాళ్లే లాక్కుంటూ నడవాలని చదివాను. ముందే ఒకసారి నడిచి చూద్దామన్న ఆలోచన నాదే. ఆమె "ఆదివారం ప్రార్థన అయినంక రా" అంది.

సూర్యాపేట నుంచి ఖాళీ చక్రాల పెట్టెతో బస్సెక్కాను. ఆమె ఇంట్లో రెండు పెట్టెల్లోనూ బియ్యం పోశాం, ఒక్కోదాంట్లో పది కిలోలు. మిర్యాలగూడలో బియ్యానికి కొదవ లేదు. మార్కెట్ వెనక సందుల్లోకి బయలుదేరాం. స్టీలు సామాన్ల దుకాణాలు, చీరల దుకాణాలు, చేపల బుట్టలు, మధ్యలో మేమిద్దరం పెట్టెలు దడదడలాడించుకుంటూ. కరివేపాకు అమ్మే ఆమె "ఏ బస్సు తప్పిపోయిందమ్మా?" అని అడిగింది. ఒక ఆటో ఆయన మా వెనకే నెమ్మదిగా వస్తూ, "ఏడికో చెప్పుండ్రి, దింపుత" అంటూనే ఉన్నాడు. మొరాకోకు అని అక్క చెప్తుందేమోనని ఎదురుచూశాను. మాట రాలేదు.

వెనక్కి తిరిగి చూస్తే ఆమె ముప్పై అడుగుల దూరంలో ఆగిపోయి ఉంది. మూసిన దుకాణం షట్టర్‌కు ఒక చెయ్యి ఆనించింది. ముఖమంతా చెమట. దగ్గరికి వెళ్లి ఆ దుకాణం మెట్ల మీద కూచోబెట్టాను. ఆటో ఆయన కూడా బండి ఆపి మంచినీళ్ల సీసా ఇచ్చాడు.

"మోకాళ్లా?"

తల ఊపింది.

"ఎన్ని రోజుల సంది?"

"పోయిన ఎండకాలం సంది. గోలీలేసుకుంట నడుస్తున్న."

"డాక్టర్ ఏమన్నడు?"

"మార్చాలన్నడు. రెండూ."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పోదామంటవా?"

ఆమెను అదే ఆటోలో ఎక్కించి, రెండు పెట్టెలూ పైకెత్తి ఇంటికి చేర్చాను. టీ తాగకుండానే సూర్యాపేట బస్సెక్కాను. ఆ రోజు నాకు కలిగింది జాలి అని రాస్తే బాగుంటుంది కాని, అది నిజం కాదు. బస్సులో నేను ఆలోచించింది నా పట్టిక గురించి. నాలుగు నెలలు గళ్లు గీశాను, ఆమె అంతా తెలిసే పక్కన కూచుని చూసింది.

తర్వాత మూడు వారాలు ఇద్దరం ఫోన్ చేసుకోలేదు. ఒక్కదాన్నే పోవడానికి పట్టిక మళ్లీ రాశాను. పని సులువైంది. ఐదు నగరాలు ఆరయ్యాయి. సముద్రం దగ్గర గంటన్నర మళ్లీ గంటయింది. వద్దనే మనిషి లేకపోతే ఎంతైనా చేర్చుకోవచ్చని అప్పుడు తెలిసింది. అట్లా చేర్చిన పట్టికను మా ఆయనకు చూపిస్తే, చదవకుండానే "ఆమెతోటే అనుకున్నవ్ గదా" అన్నాడు. ఆయన ఆమెను రెండుసార్లు కూడా చూసి ఉండడు.

శాఖ అనుమతి వచ్చిన రోజు ఒక పూట సెలవు పెట్టి మిర్యాలగూడ వెళ్లాను. ముందుగా చెప్పలేదు. ఆమె ఇంటి ముందు ప్రహరీ వెంట చేతికర్రతో నడుస్తోంది. నన్ను చూసి ఆగలేదు. "ఆగు, లెక్క తప్పుతది" అంటూ గేటు దాకా వెళ్లి, కుర్చీలో కూచుని, గడియారం చూసి పుస్తకంలో ఏదో రాసుకుంది. తర్వాత పుస్తకం నా చేతికిచ్చింది.

మూడు వారాలుగా పొద్దున, సాయంత్రం ఎన్ని అడుగులు వేస్తే నొప్పి మొదలవుతుందో, ఎంతసేపు కూచుంటే తగ్గుతుందో తేదీలతో రాసి ఉంది. మంచి రోజులతో పాటు చెడ్డ రోజులు కూడా ఉన్నాయి. ఒక చోట 'ఈ రోజు లేవలేదు' అని ఒక్క ముక్కే ఉంది.

"నాలుగు వందల అడుగులు నడుస్త. ఆరు నిమిషాలు కూసుంట. మళ్ల నాలుగు వందలు. రోజుకు పన్నెండు సార్లు. అంతకు మించితే తెల్లారి మంచం దిగను," అంది. "డాక్టర్‌ను సుత అడిగిన. కట్టె పట్టుకొని జర పైలంగ పోయి రమ్మన్నడు. వొచ్చినంక ఆపరేషన్."

"గిది ముందే చెప్తే అయిపోతుండె గదక్కా."

"అప్పుడు నాకు సుత లెక్క తెల్వదు. ఉత్త బుగులు, భయమే ఉండె."

లోపలికి పోయి ఫోన్‌లో పటం ముందు పెట్టుకున్నాం. ఆమె లెక్కకు నా ఆరు నగరాలూ నిలబడలేదు. ఒకే రైలు దారి మీద, సముద్రం పక్కనే ఉన్న మూడు ఊళ్లు నిలిచాయి. కాసాబ్లాంకా, రబాత్, టాంజియర్. ఫెస్ కొట్టేయాల్సి వచ్చినప్పుడు నేను పెన్ను ఎత్తాను కాని గీత గీయలేకపోయాను. ఆమె చూసింది.

"అది కొట్టెయ్యకు. రబాత్ నుంచి పొద్దుగాల రైలుకు నువ్వొక్కదానివే పో, పొద్దుమీకి రా. నేను సముద్రం కాడ కూసుంట." నా చేతిలోని పెన్ను తీసుకుని అడిగింది. "కోపమొచ్చిందా నా మీద?"

"వొచ్చింది."

"పోయిందా?"

"ఇంకా జర ఉన్నది."

"ఉండనీ," అని అన్నం పెట్టడానికి లేచింది.

దసరాకు ముందు వెళ్లాం. కాసాబ్లాంకాలో మొదటి రోజంతా నిద్రపోయాం. రబాత్‌లో మూడు రోజులున్నాం. ఒక పొద్దున నేను ఫెస్ వెళ్లి, చదివిన సందులన్నీ నడిచాను. గాడిదల మీద తోళ్లు పోతున్నాయి, రాగి గిన్నెలు కొడుతున్నారు. దారి తప్పాను, మళ్లీ దొరికింది. అంతా అనుకున్నట్టే ఉంది. ఏదైనా చూసి పక్కకు తిరిగితే చెప్పడానికి ఎవరూ లేరు, అది తప్ప.

సాయంత్రం తిరిగొచ్చేసరికి అక్క అట్లాంటిక్ ఒడ్డున రాతి గోడ మీద కూచుని ఉంది. పక్కన రొట్టెలమ్మే ఒకామె. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ రోజంతా రొట్టెలామె తన మోకాళ్లు చూపించి ఏదో చెప్తే, అక్క తన మోకాళ్లు చూపించి తెలుగులో చెప్పిందట. ఆ రొట్టెలామె ఏదో నూనె రాసిందని, ఘాటుగా ఉందని అక్క చెప్పింది. నాకు ఫెస్ గురించి చెప్పాలని ఉంది. అక్క మాట అయిపోయేదాకా ఆగాను. చాలాసేపు పట్టింది.

చివరి పొద్దున టాంజియర్‌లో ఒక మిట్ట మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న టీ దుకాణంలో కూచున్నాం. నీళ్లకు అవతల కొండలు స్పష్టంగా కనపడుతున్నాయి, ఇళ్లు కూడా తెల్లగా.

"గది ఏ ఊరు?"

"ఊరు గాదక్కా. స్పెయిన్. యూరప్ అది."

"గింత దగ్గరనా? మన సూర్యాపేట నుంచి మునగాలంత గూడ లేనట్టుంది."

"అంతే ఉంటది."

"పోనిస్తరా?"

"మనకు దాని వీసా లేదు."

ఆమె పుదీనా టీ తాగుతూ ఆ కొండల వైపే చూసింది. పక్క బల్లల దగ్గర కూచున్న కుర్రవాళ్లు కూడా అటే చూస్తున్నారు, వాళ్లకూ వీసా లేనట్టుంది. కాసేపటికి నీళ్ల మీద మంచు లేచి ఇళ్లు కనపడకుండా పోయాయి, తర్వాత కొండలు పోయాయి. ఆమె ఇంకో గ్లాసు టీ చెప్పమంది. చెప్పాను.