రెండో కుర్చీ

పోయిన వారం విరుదునగర్ బస్టాండు పక్క టీకొట్లో కూర్చుని ఉండగా, ఎదుటి బల్లమీద ఎవరో వదిలేసి పోయిన తమిళ పత్రికలో ఒక చిన్న ప్రకటన కనబడింది. ఏదో కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ప్రధాన కోచ్ కావాలట. అర్హతల వరుసలో చివర ఒక మాట ఉంది. కనీసం రెండేళ్ళు సొంత బాధ్యతమీద ఒక జట్టును నడిపి ఉండాలి, సహాయకుడిగా చేసిన కాలం లెక్కలోకి రాదు. అది చదివాక టీ చల్లారిపోయేదాకా నేను గ్లాసు ముట్టుకోలేదు. ఇరవై రెండేళ్ళు సహాయకుడిగా రెండో కుర్చీలో కూర్చున్న మనిషి ఒకడు మా ఇంట్లోనే ఉన్నాడు. వాడు నా తమ్ముడు. వాణ్ణి ఆ కుర్చీకి కట్టేసినవాణ్ణి నేను.

మా ఇంటి సంగతి కొంత చెబితేగాని ఇది అర్థం కాదు. కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న నల్లరేగడిలో మా తాతకు చూపు ఆనినంత మేర పొలం ఉండేది. రాని వానలు కొన్ని, తెగని కోర్టు వ్యాజ్యాలు కొన్ని, మా నాయన చేతి ధారాళం కొంత కలిసి నా కాలానికి ఏమీ మిగల్చలేదు. నేను విరుదునగర్ వచ్చి ఒక మిరపకాయల గోదాములో మేనేజరుగా చేరాను. అద్దె ఇల్లు, మూడు గదులు. అయినా ఇస్త్రీ లేని చొక్కాతో నేను వీధిలోకి అడుగుపెట్టిన రోజు లేదు. పెళ్ళిళ్ళలో మొదటి పంక్తిలో నాకు చోటు చూపించకపోతే భోజనం చెయ్యకుండా లేచి వచ్చేసేవాణ్ణి. ఆ విధంగా జీవితంలో చాలా మంచి విందులు పోగొట్టుకున్నాను. పిలిచినవాళ్ళు నేను వెళ్ళిపోయిన సంగతి గమనించారో లేదో ఇప్పటికీ తెలియదు.

తమ్ముడు నాకన్నా పదేళ్ళు చిన్న. నాయన పోయాక వాణ్ణి పెంచింది నేనే కనుక నా మాట వాడికి నాయన మాట. మంచి ఆటగాడు. మోకాలు చెడి ఆట మానేశాక, ముప్పై ఏళ్ళ వయసులో విరుదునగర్ క్లబ్బులో సహాయ కోచ్‌గా చేరాడు. ప్రధాన కోచ్ రైల్వేలో రిటైరైన తమిళ పెద్దాయన. అందరూ పెద్ద మాస్టర్ అనేవాళ్ళు. మ్యాచ్ ముందు రోజు సాయంత్రం తమ్ముడు వరండాలో ఎండుమిరపకాయలు పేర్చి మనవాళ్ళనేవాడు, శనగలు పేర్చి ఎదుటివాళ్ళనేవాడు. వాటిని జరుపుతూ, మళ్ళీ వెనక్కి పెడుతూ గంటలు గడిపేవాడు. వాడి భార్య, మా మరదలు, చీపురు పట్టుకుని వచ్చి, "మీ గోల్‌కీపర్ని ఎత్తుకోండి, లేకుంటే పులుసులో ఏసేస్తా" అనేది. మర్నాడు మైదానం అంచున రెండు కుర్చీలు వేసేవాళ్ళు. తమ్ముడు పక్కకు ఒంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మాస్టర్ చెవిలో ఏదో చెప్పేవాడు. మాస్టర్ లేచి అరిచేవాడు. ఒక ఆటగాడు బయటికి, మరొకడు లోపలికి. కాసేపటికి గోలు పడేది. ఆరేళ్ళలో మా జిల్లాలో ఆ క్లబ్బును ఓడించడం కష్టమైపోయింది. ఎవరి బుర్ర అన్నది ఊరంతటికీ తెలుసు. గొంతు మాత్రం మాస్టర్‌ది.

అప్పుడు కోవిల్‌పట్టినుంచి పిలుపు వచ్చింది. కోవిల్‌పట్టి హాకీ ఊరు. అక్కడ పిల్లలకు నడక వచ్చేసరికి చేతికి కర్ర వస్తుంది. అలాంటి చోట ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ యజమాని పంతం పట్టి ఫుట్‌బాల్ జట్టు పెట్టాడు. ఓడిపోవడం ఒక్కటే ఆ జట్టుకు వచ్చిన విద్య. ప్రధాన కోచ్‌గా వచ్చి మొత్తం నీ ఇష్టప్రకారం నడుపుకో అని తమ్ముడికి కబురు చేశాడు.

ఆ ఆదివారం పెద్ద మాస్టర్ తనంతట తానే మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగి, తమిళంలో నాతో అన్నాడు: "వాణ్ణి పంపించెయ్యండి సార్."

"గెలిచే జట్టును వదిలి ఓడే జట్టుకు పొమ్మంటారా?" అన్నాను.

"గెలుస్తున్నది నేను, వాడు కాదు. వాడు చెప్పింది తప్పైతే నా తప్పు, ఒప్పైతే నా ఒప్పు. సొంత పేరుమీద ఓడిపోని వాడికి ఎవరూ జట్టు అప్పగించరు. రెండేళ్ళు ఓడి రానివ్వండి. ఆ తర్వాత నా కుర్చీ వాడిదే."

ఆయన వెళ్ళాక తమ్ముణ్ణి అడిగాను. వాడు గుమ్మం దగ్గర నిలబడి గోడ సున్నం గోటితో గీకుతున్నాడు. మాది ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తమిళం చేరి చేరి మా మాటలకు చివర నొక్కి చెప్పే 'దా' ఒకటి అంటుకుపోయింది.

"బయంగా ఉండాదన్నా. అయినా పోవాలని దా ఉండాది" అన్నాడు.

"ఎవరి కిందికి? ఆ ఫ్యాక్టరీవాడి తాత మన బండ్లు తోలినోడు. వాడి ముందర నువ్వు చేతులు కట్టుకోని నిలబడతావా?"

వంటింట్లోంచి మరదలు అందుకుంది. "బండ్లు పోయె, ఎద్దులు పోయె, తోలినాయనా పోయె. ఇంకా ఆ బండి దిగనోరు మీరొక్కరు దా, బావా."

నాకు కోపం వచ్చింది. ఆమె అన్నదానిలో కాదనడానికి ఏమీ దొరక్కపోవడంతో ఇంకా ఎక్కువ వచ్చింది. "సరి, అమ్మవారిని అడుగుదాం" అన్నాను.

మా వాళ్ళలో ఏ పెద్ద పనికైనా పూలు కట్టి అడగడం ఉంది. ఒక తెల్లపువ్వు, ఒక ఎర్రపువ్వు తెచ్చి, ఒకే తీరు అరిటాకు ముక్కల్లో విడివిడిగా చుట్టి, నారతో కట్టి, ఇలవేల్పు పాదాల దగ్గర పెడతారు. ఇంటి చిన్నబిడ్డ చేత ఒకటి తీయిస్తారు. తెల్లపువ్వు వస్తే సరేనన్నట్టు. ఎర్రపువ్వు వస్తే వద్దన్నట్టు. తీయని పొట్లం విప్పకూడదు, అలాగే బావిలో వేసెయ్యాలి. పొట్లాలు కట్టే హక్కు ఇంటి పెద్దది. కట్టేటప్పుడు ఎవరూ చూడకూడదు. భూములు పోయాక నాకు మిగిలిన అధికారం అదొక్కటే.

మా పాత ఊళ్ళో గుడి వెనక కూర్చుని రెండు పొట్లాల్లోనూ ఎర్రగన్నేరే పెట్టాను. ఇంటి పరువు నిలబెడుతున్నానని అనుకున్నాను. ఆ ఫ్యాక్టరీవాడి తాత ఎవరో అమ్మవారికి మాత్రం తెలియదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను కూడా. తమ్ముడి కూతురికి అప్పుడు ఐదేళ్ళు. ఏ పొట్లం తీయాలా అని పాపం చాలాసేపు ఆలోచించి ఒకటి తీసింది. తమ్ముడు విప్పి చూశాడు. కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. "సరి అన్నా. పోను" అన్నాడు. రెండోదాన్ని బావిలో వేసి రమ్మని వాడి చేతికే ఇచ్చాను.

ఏడేళ్ళు గడిచాయి. ఆ ఏడేళ్ళూ క్లబ్బు గెలుస్తూనే ఉంది. నా నిర్ణయం ఎంత సరైనదో భోజనాల దగ్గర చెప్పడం నాకు అలవాటైపోయింది. తమ్ముడు తల ఊపేవాడు. తర్వాత పెద్ద మాస్టర్ చూపు మందగించి తప్పుకున్నాడు. తన చోట్లో నా తమ్ముణ్ణే పెట్టమని కమిటీకి చెప్పి మరీ తప్పుకున్నాడు. కమిటీ పిలిచిన రోజున నేను కూడా వెంట వెళ్ళి బయట బెంచీమీద నిటారుగా కూర్చున్నాను. లోపల పావుగంట కూడా పట్టలేదు. కమిటీ పెద్దమనిషి ఒకాయన బయటికి వచ్చి, మర్యాదగానే, "మీ తమ్ముడు చాలా పనిమంతుడు సార్. కాని సొంతంగా ఎక్కడా నడపలేదే" అన్నాడు. తిరునెల్వేలి వైపునుంచి ఒకతణ్ణి తెచ్చారు. తమ్ముడికన్నా ఎనిమిదేళ్ళు చిన్న. మూడేళ్ళు ఒక చిన్న జట్టును నడిపి, గెలిచినదానికన్నా ఎక్కువగా ఓడినవాడు.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో ఆగి అన్నాను, "రేపే మానేసెయ్. నీకన్నా చిన్నోడి పక్కన కూర్చుంటావా? మన ఇంట్లో ఎవురూ అట్ల కూర్చోలే."

వాడు నడక సాగించాడు. నూనెమిల్లు గోడ దాటాక నెమ్మదిగా అన్నాడు, "ఆ రెండో పొట్లం నేను విప్పి చూసినానన్నా. ఆ పొద్దే, బావికాడ."

"మరి ఏమిటికి చెప్పలే?" అన్నాను.

"చెప్తే నువ్వు మళ్ళా ఆ గుళ్ళో ఎట్ల నిలబడతావు? మనకు మిగిలింది అది దా." ఆ తర్వాత వాడి గొంతులో కొంచెం నవ్వు కూడా ఉన్నట్టనిపించింది. "ఇంకోటి కూడా ఉందిలే. పోకుండా ఉండేదానికి నాకూ ఒక సాకు దొరికె. ఓడిపోతానని బయం ఉండె కదా."

నేను ఊహించుకున్న ఏ తిట్టయినా దానికన్నా తేలికగా ఉండేది.

కొత్త కోచ్ మంచివాడే. ఆయన పక్కన మరో తొమ్మిదేళ్ళు తమ్ముడు రెండో కుర్చీలో కూర్చున్నాడు. పోయిన ఏడు కోవిల్‌పట్టిలో ఒక టోర్నమెంటు జరిగింది. సెమీఫైనల్ రోజున కోచ్ జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాడు. జట్టును నడపమని తమ్ముడికి ఫోను వచ్చింది. వాడికి యాభై రెండేళ్ళు. జీవితంలో మొదటిసారి. నేను రైలెక్కి వెళ్ళి మెట్లమీద, జనం మధ్య కూర్చున్నాను.

ఎదుటిది ఆలంగుళం జట్టు. ఎండ మండిపోతోంది. రెండో సగంలో చెరొక గోలుమీద ఉండగా మన ఎడమవైపు డిఫెండరు కాలు ఈడవడం మొదలుపెట్టాడు. అది జనంలో ఎవరికన్నా ముందు తమ్ముడే చూశాడు. నాకు తెలుసు, ఎందుకంటే వెంటనే వాడు పక్కకు ఒంగాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పెదాలు కదిలాయి. పక్క కుర్చీలో ఎవరూ లేరు. వాడు అలాగే రెండు క్షణాలు ఉండిపోయి, నిటారుగా సర్దుకున్నాడు. లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. బదులు ఆటగాడు బూట్లు కట్టుకుని పక్కనే నిలబడి, "మార్చేదా సార్?" అని అడగడం మెట్లమీదికి వినపడింది. "ఉండు, ఒక్క నిమిషం" అన్నాడు తమ్ముడు. ఆ నిమిషం ఎంతసేపటికీ అయిపోలేదు. ఆట ముగియడానికి కొంచెం ముందు, సరిగ్గా ఆ ఎడమవైపునుంచే గోలు పడింది.

తర్వాత ఆ కుంటుతున్న డిఫెండరు వచ్చి, "మీకు ముందే తెలుసు కద సార్?" అన్నాడు. నిష్ఠూరం కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. "తెలుసు" అన్నాడు తమ్ముడు.

ఆ వారమే క్లబ్బు మానేశాడు. ఇప్పుడు పొద్దున లేచి స్నానం చేసి, వెళ్ళడానికి ఎక్కడా లేక, పేపరు మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. మరదలు నాతో అవసరానికి మించి మాట్లాడదు. తమ్ముడు మాత్రం ఇప్పటికీ నేను గదిలోకి వస్తే లేచి నిలబడతాడు. లేవద్దని చెప్పే హక్కు నాకుందా అన్నది తేల్చుకోలేక నేనూ ఊరుకుంటాను. ఆ ముప్పై ఆరేళ్ళ వయసులో వాడు కోవిల్‌పట్టి వెళ్ళి ఉంటే గెలిచేవాడని నేను అనుకోను. వరుసగా ఓడేవాడు. తప్పు ఆటగాణ్ణి మార్చేవాడు, ఆలస్యంగా మార్చేవాడు, తిట్లు తినేవాడు, మరుసటి ఆదివారం మళ్ళీ మైదానానికి వెళ్ళేవాడు. నేను వాడి దగ్గర లాక్కున్నది గెలుపు కాదు, ఓడిపోవడానికి మనిషికి ఉండే కాలం. అది వయసులో ఉన్నప్పుడే ఉంటుంది, ఆ తర్వాత ఎవరు ఇవ్వాలనుకున్నా ఇవ్వలేరు.