అమ్మ కడిగేసిన రుజువు

డిగ్రీ చివరి ఏడాది నా బతుకంతా ఒక చేప నోట్లో ఇరుక్కుంది. పుంగనూరు సంతలో దాన్ని జిలేబీ అంటారు. మదనపల్లె కాలేజీలో మా జువాలజీ మేడం మాత్రం దాని శాస్త్రీయ నామం మారిపోయిందని ఒకరోజు కబురు మోసుకొచ్చింది.

అంతవరకూ అన్నీ టిలాపియాలే. ఎనభైల మొదట్లో పండితులు వాటిని మూడు గుంపులు చేశారట. గుడ్లను నీటి అడుగున నేలమీద పెట్టి కాపలా కాసేవి టిలాపియాలుగానే మిగిలాయి. తండ్రి గానీ, తల్లీ తండ్రీ ఇద్దరూ గానీ నోట్లో పెట్టుకుని సాకేవి సారోథెరోడాన్. మా జిలేబీలాగా తల్లి ఒక్కతే నోట్లో సాకేవి ఓరియోక్రోమిస్. పిల్లల్ని ఎవరు పెంచారో విచారించి ఇంటిపేరు పెట్టడం నాకు తెగ నచ్చింది. మనుషులకు ఆ పద్ధతి లేదు. కుప్పంలో బెంగుళూరు రైలెక్కి మళ్లీ మొహం చూపించని మా నాయన ఇంటిపేరే నా రికార్డు అట్ట మీద ఉండేది.

ప్రాక్టికల్ పరీక్షకు ఒక చేపను సీసాలో పెట్టి, పేరు రాసి, ఆ పేరెందుకో రుజువు చూపాలి. నేను అప్పటికే ఒకసారి తప్పాను. ఇంకో ఏడాది చదివించే ఓపిక అమ్మకు లేదు.

సంతలో ప్రతి జిలేబీ నోరూ తెరిచి చూశాను.

"ఏమ్మే, చేప కొనేదానికొచ్చినావా, పండ్లు పీకేదానికొచ్చినావా?" అని చేపలామె కసిరింది.

చివరికి నోట్లో ఏదో దాచుకున్నట్టు గదవ ఉబ్బిన చేప ఒకటి దొరికింది. బిందెలో వేసి ఇంటికి తెచ్చి, సీసా అడగడానికి పక్కింటికి వెళ్లాను. మా ఇంట్లో ఏ చేపకైనా కల్లుప్పు రుద్ది, నోట్లో నీళ్లు పోసి కడిగాకే ప్రవేశం. నేను తిరిగొచ్చేసరికి అమ్మ కత్తిపీట దగ్గరికి వెళ్లబోతోంది.

"నోటినిండా పురుగులుండె మే. బాగా కడిగేసినా!" అంది గర్వంగా.

"అవి పురుగులు కాదమ్మా, దాని పిల్లలు!"

ఇద్దరం తూము దగ్గరికి పరిగెత్తాం. అక్కడ మా కోడి ముక్కు నేలకు తుడుచుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు బస్సులో సీసా అమ్మ ఒళ్లోనే ఉంది. పిల్లలు నోట్లో ఉన్నన్నాళ్లూ ఆ తల్లి ఏమీ తినదని చెప్పాను. అమ్మ సీసాకు కొంగు కప్పింది.

పరీక్ష చేయడానికొచ్చిన సారు చేప నోట్లోకి తొంగిచూశాడు.

"ఓరియోక్రోమిస్ అని రాశావు. రుజువేదమ్మా?"

"మా అమ్మ కడిగేసింది సార్."

ల్యాబంతా పగలబడి నవ్వింది. సారు సున్నా వేయడానికి పెన్ను తీశాడు. కిటికీ బయట నిలబడిన అమ్మ ఆగలేకపోయింది.

"బిడ్డ తప్పు లేదు సామీ. నేనే సూసినా. దాని నోటినిండా పిల్లలుండె."

"ఉంటే ఉండనీ. అది తండ్రి కాదు, తల్లే అని నీకెట్లా తెలుసు?"

"మొగోడైతే పస్తుండి బిడ్డల్ని మోస్తాడా సామీ? ఎప్పుడో రైలెక్కి పోయింటాడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సారు కత్తెరతో చేప కడుపు కోసి చూశాడు. ఆడదే. మార్కులు వేసి, రుజువు అన్న గడిలో ఏం రాయాలో తెలియక నావైపు చూశాడు.

"మా అమ్మ అని రాయండి సార్" అన్నాను.

రాశాడు.