షాహీన్ పరీక్ష, సుగుణమ్మ గారి కాంటా

నకిరేకల్ దాటుతుంటే బస్సు కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన వస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా ఒక రైస్ మిల్లులో మేనేజరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ వెచ్చని వాసన తగలగానే మా యజమానురాలు సుగుణమ్మ గారు గుర్తుకొస్తారు. భర్త పోయాక మిల్లును ఒంటిచేత్తో నడిపిన మనిషి. తన చదువు ఏడో తరగతితో ఆగిపోయిందని ఎవరి దగ్గరా దాచేవారు కాదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో షాహీన్ అనే అమ్మాయి మా దగ్గర, బండ్లు తూకం వేసే కాంటా మీద చీటీలు రాసేది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి మిల్లు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. వాళ్లింట్లో అంతవరకు చదివిన మొదటి మనిషి. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, పరీక్ష తేదీ మార్చిన్రు. రేపు మధ్యాహ్నమేనట" అంది. సెలవు కావాలంటే మూడు రోజుల ముందు చెప్పాలన్నది నేను పెట్టిన నియమం. పైగా వానాకాలం వడ్లతో గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. కుదరదన్నాను. ఆమె తిరిగి కాంటా దగ్గరికి వెళ్లిపోయింది. "షాహీన్‌కు సెలవు ఇవ్వలేదు. నియమం తప్పలేదు" అని నా డైరీలో ఉంది. ఆ వాక్యం చదివితే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తర్వాత ఆమె పుస్తకాల సంచి తేవడం మానేసింది. సుగుణమ్మ గారు గమనించి అడిగారు.

"చదువు బంద్ చేసిన అమ్మా. ఒక పేపర్ పోయింది. రెండు పనులు నాతోని అయితలేవు."

సంగతంతా విని ఆమె నా వైపు తిరిగారు. "లారీ ఎప్పుడొస్తదో ముందుగాల్నే అర్సుకుంటవు గదా, మేనేజర్ సాబ్. గీ పిల్ల పరీక్ష ఎప్పుడో అర్సుకోవద్దా?"

"అడగాల్సింది ఆమె కదమ్మా..."

"అడుగుడు ఆమె పని గాదు. ఎరుకుంచుకునుడు మన పని."

మర్నాడే నన్ను కాలేజీకి పంపారు. తెచ్చిన టైంటేబుల్ గోడకు అతికించి, దాన్ని చూసుకుంటూ డ్యూటీలు వేశాను. మా మిల్లులో పనిచేస్తూ చదువుకుంటున్నవాళ్లు షాహీన్‌తో కలిపి నలుగురున్నారని నాకు ఆరోజే తెలిసింది. షాహీన్ మాత్రం జంకింది. "మల్ల తప్పుతే, అమ్మా?"

"మల్ల రాస్తవు. నీ కొలువు యాడికి పోదు."

సప్లిమెంటరీ పరీక్ష సరిగ్గా ఎండాకాలంలో యాసంగి వడ్లు మిల్లుకొచ్చే రోజుల్లో పడింది. ఆరోజు కాంటా దగ్గర సుగుణమ్మ గారే కూర్చున్నారు. ఆమె రాసే అంకెలు శనక్కాయలంత ఉండేవి.

"ఏందమ్మా, నువ్వే చీటీ రాయవడితివి? జర సూసి రాయి!" అన్నాడొక రైతు.

"అనుమానముంటే నువ్వొచ్చి రాయి. నీ బస్తాలు నేను మోస్త!"

ట్రాక్టర్ల మీది వాళ్లంతా ఘొల్లున నవ్వారు.

షాహీన్ పాసైంది. మెమో తెచ్చి, అందరికంటే ముందు నా చేతిలో పెట్టింది. నేను దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాను. "ఏం సాబ్, మూడొద్దుల ముందు చెప్పలేదని వాపసిస్తవా?" అని సుగుణమ్మ గారు చురక అంటించారు. మిగతా ముగ్గురూ డిగ్రీ పూర్తిచేశారు. నా ఉద్యోగంలో గర్వంగా చెప్పుకునేది ఏమైనా ఉంటే, అది ఇదే.

ఇప్పుడు నాలాంటి రిటైరైనవాళ్లం కొందరం ఒక చిన్న సంఘంగా కలిసి, పనిచేస్తూ చదువుకునే పిల్లలకు పరీక్షరోజు సెలవివ్వమని అడుగుతూ, టైంటేబుళ్లు పట్టుకుని రామన్నపేట దాకా మిల్లులూ దుకాణాలూ తిరుగుతున్నాం. పోయిన వారం ఒక యువ యజమాని విసుక్కున్నాడు. "గా పిల్ల పరీక్షకు పోతే ఈడ చీటీలెవరు రాస్తరు, పెద్దసారూ?"

"నేను రాస్త" అన్నాను. ఎన్ని గంటలకు రావాలో కూడా అడిగి రాసుకున్నాను.