పొట్టేలు మీద మోపిన నేరం

1954 ఎండాకాలంలో గోపయ్య గొర్రెల మందను మేత కోసం అమ్రాబాద్ అడవికి తోలుకుపోయాడు. దేవరకొండ దగ్గరి పల్లెలో భార్య బక్కమ్మ, మూడేళ్లు నిండని కూతురు అండాలు, అంత దూరం నడవలేని ఒక పొట్టేలు మిగిలారు.

ఒక పొద్దున అండాలు గటక కుండను తన్నేసింది. ఆ పూటకు ఇంట్లో ఉన్న తిండి అదే. పొయ్యి అంచున కాగి ఉన్న ఇనుప గంటెతో బక్కమ్మ పిల్ల భుజం మీద కొట్టింది. తోలు ఊడి వచ్చింది.

తిరిగొచ్చిన గోపయ్య మచ్చ చూశాడు. "పొట్టేలు పొడిస్తే పొయ్యిల పడ్డది," అన్నది బక్కమ్మ. అతను దాన్ని వచ్చే సంతలోనే అమ్మేశాడు.

పిల్ల మాత్రం మచ్చ చూపించి "అమ్మ, గంటె" అనేది.

"కాదు బిడ్డా. పొట్టేలు పొడిచింది, నువ్వు పడ్డవు, అమ్మ ఉరికొచ్చి ఎత్తుకున్నది," అని తలకు నూనె రాస్తూ బక్కమ్మ రోజూ చెప్పేది. వానలు పడేనాటికి పిల్ల "పొట్టేలు" అన్నది. మరుసటేడు గంటె మాటే లేదు. బక్కమ్మ ఊపిరి పీల్చుకుంది.

ఏడో ఏట అండాలు తల్లి చెప్పనివి కూడా చెప్పసాగింది. పొట్టేలుకు ఒక కొమ్ము విరిగి ఉందట. అమ్మ కొంగుతో మంట ఆర్పిందట. వాడకట్టు ఆడవాళ్లు మెచ్చుకుంటుంటే బక్కమ్మ చాటలోంచి తల ఎత్తేది కాదు.

1966లో ఉన్ని కత్తిరించే రోజు అండాలు పొట్టేలు కాళ్లు పట్టనన్నది.

"గొర్లోల్ల ఇంట్ల పుట్టి గిదేం భయమే? రేపు అత్తగారింట్ల పిల్లులను కాస్తవా?" అన్నాడు చిన్నాయిన గుర్వయ్య, కత్తెర ఆడిస్తూ. అందరూ నవ్వారు. అండాలు దొడ్డి వెనక్కి పోయి ఏడ్చింది.

బక్కమ్మ వెంట పోయింది. "బిడ్డా, పొట్టేలు నిన్నేం చెయ్యలే. గంటెతోని నేనే కొట్టిన. మీ బాపుకు అబద్ధం చెప్పిన. నీకూ చెప్పిన."

అండాలు కళ్లు తుడుచుకొని తల్లిని చూసింది. నవ్వింది. "నా భయం పోగొట్టనీకి నేరం నీ మీదేసుకుంటున్నవా? నాకు యాదికి లేదా? దాని విరిగిన కొమ్ము గూడ యాదికున్నది."

"దానికి రెండు కొమ్ములూ మంచిగనే ఉండె."

"ఊకో అమ్మా."

అండాలు వెనక్కి వచ్చి అందరికీ ఆ మాట చెప్పింది. "అమ్మంటే గట్లుండాలె," అన్నాడు గుర్వయ్య.

బక్కమ్మ ఎవరి ముఖమూ చూడలేదు. కింద కూర్చొని పొట్టేలు కాళ్లు తానే పట్టుకుంది. ఆ తర్వాత ఏ కత్తిరింపుకూ ఆ పని కూతురికి రానివ్వలేదు.