గింజ పగలని గొర్రు

ఇరవై రెండేళ్ళు సమ్మెట కొట్టింది కదిరమ్మ. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుమును పటకారుతో పట్టి దాగలి మీద తిప్పేవాడు మొగుడు నల్లప్ప, దెబ్బ వేసేది ఆమె. పేరు మాత్రం పటకారు పట్టినవాడిదే. ఉరవకొండ పక్కన ఆ చిన్న ఊళ్ళో ఏ కర్రు గట్టిగా నిలిచినా "నల్లప్ప చెయ్యప్పా అది!" అనేవాళ్ళు. దెబ్బ ఎవరిదిరా నాయనా అని ఒక్కడన్నా అడిగితే ఒట్టు.

నల్లప్ప పోయి మూడేళ్ళయింది. ఆడమనిషి సమ్మెట కొడితే చూశారు గానీ, పటకారు పడితే ఊరు నమ్మలేదు. జాలిపడి ఎవరో ఒక కొడవలి తెచ్చేవాళ్ళు, అంతే. జాలితో కొలిమి మండుతుందా? ఉరవకొండలో వెల్డింగు షాపు పెట్టుకున్న మరిది ఓబుళేసు ఎండాకాలంలో వచ్చి చుట్టూ చూసి పెదవి విరిచాడు.

"ఈడ పని ల్యాదు వదినా. దాగలి ఊరికే తుప్పు పట్టిపోతాండాది. నా షాపులో ఏసుకుంటా. నువ్వూ మా ఇంటికి రా, మీ చెల్లెలికి వంటలో తోడుగా ఉందువు."

కదిరమ్మకు రోషం వచ్చింది. "ఈ వానకారు ఇత్తనాలు పడనీ ఓబుళేసూ. అప్పటికీ నాకు పని రాకుంటే ఆటో తెచ్చుకోని దాగలి ఎత్తకపో" అనేసింది. అతను ఆటో ఎక్కి వెళ్ళాక, నోరు జారినానే అని తల పట్టుకుంది. దాగలి పోతే ఇక మిగిలేది ఇంకొకరి పొయ్యి ముందు బతుకు.

జూన్ అంతా ఆకాశం మొండికేసింది. జూలై మొదటి సోమవారం మధ్యాహ్నం మాత్రం దంచి కొట్టింది వాన. ఎర్రనేలలో ఆ తడి మూడు రోజులకు మించి ఆగదు. అదను ఎరిగి సేద్యం, పదును ఎరిగి పైరు అని ఊరికే అన్నారా? ఊళ్ళో ఎద్దులు ఎప్పుడో సంతకు పోయాయి. మిగిలిన ఆశ ఒక్కటే. రైతు నారాయణప్ప కొత్తగా తెచ్చిన ఒకేసారి తొమ్మిది చాళ్ళలో విత్తనం వేసే ట్రాక్టరు గొర్రు. "అమెరికా మోడలప్పా!" అని వారం నుంచీ మీసం దువ్వుతున్నాడు.

మంగళవారం పొద్దున గొర్రు చేనులోకి దిగింది. కొలిమిలో పని లేదు గనక కదిరమ్మ కూలికి వచ్చి వెనకాల చాళ్ళు పూడుస్తోంది. పది అడుగులు నడిచిందో లేదో, వంగి మట్టి గెలికి చూసింది. వేరుశనగ గింజలు రెండు బద్దలై పడున్నాయి. ఇంకో చోట గెలికింది. అక్కడా అంతే.

"ఓ గిరీ! ఆపు! ఆపప్పా ట్రాక్టరు!"

డ్రైవరు గిరి దిగాడు. "ఇత్తనమే చెడ్డది కదిరమ్మా."

"ఆడలేక మద్దెల ఓడంట. ఇత్తనానికేమి రోగం? మీ గొర్రు నమిలి ఊస్తాండాది. బద్ద మొలుస్తాదా? చీమలకు పండగ చేస్తాండారు!"

ఊరంతా గట్టు మీద చేరింది. కంపెనీకి ఫోను చేస్తే మనిషి వచ్చేది శుక్రవారమని తేలింది. శుక్రవారానికి నేల పెంకు అవుతుంది. కదిరమ్మ గొర్రు మీది పెట్టె మూత తీసి తొంగి చూసింది. గింజలు పట్టే గుంటల చక్రం, దాని మీద ఎక్కువ గింజలను గీకేసే ఇనుప పట్టీ. ఆ పట్టీ అంచే గింజను కొరుకుతోంది. "కొలిమికి తీసకపోదాం పాండి, సరిచేస్తా" అంది.

నారాయణప్ప ఎగిరిపడ్డాడు. "అమెరికా ఇంజనీర్లు చేసినదాన్ని నువ్వు సరిచేస్తావా? దుడ్లు పోసి తెచ్చిండేది గుడిసెలో నలగ్గొట్టేదానికా?"

పక్కనున్న వ్యవసాయ సహాయకురాలు జయంతి నవ్వింది. "పెద్దాయనా, ఆ అమెరికాలో, ట్రాక్టర్ల మీద పేరుండే జాన్ డీర్ అనేటాయన యావరు? కమ్మరే. ఆడుండే జిగట నేల నాగలికి అతుక్కోని రైతులు ఏడుస్తాంటే, ఇరిగిపోయిన రంపం రేకుతో కర్రు చేసినాడు. కోత మిషను పుట్టిందీ ఒక పొలం కొలిమిలోనే. దాంట్లో చెయ్యి కలిపిన బానిస మనిషి ఒగాయన ఉండాడు. ఆయన పేరు శానా కాలం యావరూ చెప్పల్యా."

"ఏం పేరు ఆయప్పది?" అని అడిగింది కదిరమ్మ.

"జో ఆండర్సన్."

కదిరమ్మ ఆ పేరును ఒకసారి పెదవుల మీద పలికి చూసుకుంది. తర్వాత నారాయణప్ప వైపు తిరిగింది. "అన్నా, ఈ పెట్టె చేసినోళ్ళు ఎంత సదివినా, ఎద్దుల గొర్రుకుండే జడ్డిగం గిన్నెలో చేత్తో ఇత్తనం పోసిండరు. నేను పదేండ్ల పిల్లప్పటి నుంచి గొర్రు ఎనకాల నడిచి పోసినా. గింజను తొయ్యకూడదు. చేతి ఏళ్ళ సందులో నుంచి దాని పాటికి దాన్ని జారనియ్యాల."

నారాయణప్ప పెట్టె బోల్టులు విప్పమని గిరికి సైగ చేశాడు. పెట్టె కొలిమికి చేరింది.

కదిరమ్మ ఇనుప పట్టీ పీకి పారేసింది. సున్నం వేసే కిత్తనార కుంచె తెచ్చి దాని చోట పెట్టాలనుకుంది. కుంచెను బిగించడానికి చిన్న ఇనుప బిగింపు కావాలి. కొలిమి రగిలించి, ఊరంతా చూస్తుండగా పటకారు తాను పట్టింది. సమ్మెట గిరికిచ్చింది. "నేను చూపిన చోట ఎయ్యి. నీ ఇష్టమొచ్చిన చోట కాదు." గిరి ఆమె చూపిన చోటే కొట్టాడు.

గోనెపట్ట పరిచి, చక్రం చేత్తో తిప్పి, వంద గింజలు రాల్చి చూశారు. పద్నాలుగు పగిలాయి. గుంపులో ఎవడో "అయిపాయలే!" అన్నాడు. కదిరమ్మ కుంచె మొన వేలితో తాకింది. బిరుసుగా ఉంది. కుంచె ఊడదీసి, నీళ్ళలో తడిపి, నార మెత్తబడేదాకా దాగలి మీద తానే సమ్మెటతో దంచింది. మళ్ళీ బిగించింది. వందలో రెండు పగిలాయి.

"ఆ రెండూ సంచిలోనే పగిలిండాయి!" అని అరిచింది జయంతి. ఈలలే ఈలలు! మధ్యాహ్నానికి గొర్రు చేలో పడింది. గురువారం సాయంత్రం నేల ఆరేలోపు ఊరి చేలన్నీ విత్తేశారు.

ఎనిమిదో రోజు పొద్దున నారాయణప్ప అరుపుకు ఊరు లేచింది. చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా మొలక వరస తప్పలేదు. అంత పెద్దమనిషీ గట్టున నిలబడి పై పంచె తీసి గాల్లో ఊపాడు. "కదిరమ్మ చెయ్యప్పా ఇది!" ఆ మాట చెవిన పడగానే కదిరమ్మ నవ్వబోయి ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు.

వారం తిరిగేసరికి ఇంకా విత్తని కణేకల్ వైపు నుంచి కూడా గొర్రు పెట్టెలు వచ్చి కొలిమి ముందు చేరాయి. అప్పుడొచ్చింది ఓబుళేసు ఆటో. కదిరమ్మ పటకారు పక్కన పెట్టి, దాగలికి అడ్డంగా వచ్చి నిలబడింది. అతను దిగాడు గానీ దాగలి వైపు చూడనే లేదు. ఆటోలో ఒక గొర్రు పెట్టె ఉంది.

"వదినా, ఇది ఉరవకొండ రైతుది. నాలుగు దినాలుగా కుస్తీ పడతాండా. నా చేత గాల్యా. ఎట్ట చేసినా గింజ పగుల్తానే ఉండాది."

కదిరమ్మ పెట్టె మూత తీసి చూసి, మూసింది.

"ముందు మూడుండాయి. నీది నాలుగోది. ఆడ దించు ఓబుళేసూ."