అత్తయ్య పాడిన లక్క రికార్డు

మా మేనత్త పెళ్లికి ముందు మద్రాసులో ఒక పాట రికార్డుకు పాడారు. తాతగారే తీసుకువెళ్లారు. తీరా రికార్డులు తయారయ్యాక, మా ఆడపిల్ల గొంతు కాఫీ హోటళ్లలో మోగకూడదని ఆయనే వాటిని అమ్మకానికి పోనివ్వలేదు. ఒక్కటి మాత్రం మా సావిట్లో ఉండిపోయింది. అప్పటికే అత్తయ్య అత్తవారింటికి వెళ్లారు. పుట్టింటికి వచ్చినా తాతగారిని అడగలేక, తన పాట తాను వినలేదు. నేను చిన్నప్పుడు విన్నాను.

పొలాలు పోయాయి, మేడ పోయింది. ఆ రికార్డును మాత్రం నేను ఎవరి చేతికీ ఇవ్వలేదు. పాత సామాను కొనేవాళ్లు వస్తే గుమ్మం బయటి నుంచే పంపించేశాను.

మొన్న వేసవిలో, రాజమండ్రిలో కొడుకు దగ్గరుంటున్న అత్తయ్య అడిగారు.

"ఒక్కసారి వినిపించు బాబూ. బాగా పాడానో లేదో నాకే తెలీదు."

పాత రికార్డుల వేగంతో తిరిగే కొత్త మిషను కొన్నాను. ఆ రోజుల్లో రికార్డులు లక్కతో చేసేవారు, వాటికి సరిపడే ముల్లు వేరే తెప్పించాను. అంతవరకూ అన్నీ సరిగ్గానే చేశాను.

మాసిన వస్తువును ఎవరి ముందూ పెట్టకపోవడం మా ఇంటి పద్ధతి. మిషనుతోపాటు వచ్చిన సీసాలోని ద్రవంతో రికార్డును తుడిచాను. గుడ్డ నల్లబడింది. ఎన్నేళ్ల మురికో అనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. ఆరాక మెరుపు రాలేదు, చేతులకు స్పిరిట్ వాసన మిగిలింది. ఆ ద్రవం ఇప్పటి ప్లాస్టిక్ రికార్డుల కోసం చేసింది. లక్కను స్పిరిట్లో కరిగించి టేకు తలుపులకు పాలిష్ పెట్టించిన ఇల్లు మాది. ఆ వాసన మధ్యనే పెరిగినవాణ్ని, ముందుగా నాకు తట్టలేదు. వేసి చూసుకునే ధైర్యం లేక, మాట తప్పలేక, అలాగే తీసుకువెళ్లాను.

"ఇంత సరంజామా ఎందుకండీ అన్నయ్యగారూ, ఫోనులో ఏ పాటైనా ఇట్టే వస్తుంది కదా!" అంది అత్తయ్య కోడలు, బల్ల ఖాళీ చేస్తూ.

"ఫోనులో మీ అత్తగారు లేరమ్మా," అన్నాను.

అత్తయ్య కొంగు భుజం నిండా కప్పుకుని కూర్చున్నారు. ముల్లు దించాను. బరబరమని రొద. దాని అడుగున ఎవరో జలుబు చేసిన మనిషి పాడుతున్నట్టు ఒక గొంతు, పై స్థాయికి వెళ్లినప్పుడల్లా చీలిపోతూ వినిపించింది. పాట అయిపోయేదాకా అత్తయ్య కదలలేదు.

"ఇదా సంగతి," అన్నారు చివరికి. "పరువని వంక పెట్టి నాన్నగారు నన్ను కాపాడారన్నమాట. ఇన్నేళ్లూ ఆయన్ని తిట్టుకున్నాను."

"కాదత్తయ్యా, మీరు చాలా బాగా పాడారు. నేను విన్నాను కదా. స్పిరిట్ పెట్టి తుడిచి నేనే పాడుచేశాను. లక్క కరిగిపోయింది."

ఆవిడ నవ్వారు. "అచ్చం మీ తాతగారే! ఇంటి ఆడవాళ్లకి మాట రాకుండా తప్పు తన నెత్తిన వేసుకోవడం."

"నిజమండీ. ఒట్టు."

"చాల్లే, ఒట్లు కూడానా. ఆ వయసులో అలాగే పాడుంటాను, ఏం పోయింది?" అని కోడలి వైపు తిరిగారు. "అబ్బాయికి పెసరట్లు వెయ్యవే, పాపం అంత బరువు మోసుకొచ్చాడు."

అత్తయ్య నా పక్కన కూర్చుని, అల్లం పచ్చడి కొసరి కొసరి వేస్తూంటే, వద్దనలేక తిన్నాను.