ఆరో రోజు మల్లెపూలు

పోయిన శనివారం లింగంపల్లి స్టేషన్ బయట రెండు మూరల మల్లెపూలు కొని, జడలో పెట్టుకోవడం చేతకాక అక్కడే ఒక బెంచీ మీద కూలబడ్డాను. నవ్వకండి. పదహారేళ్ల తర్వాత పూలు ముట్టుకున్న చేతులు అవి. అంతకు ముందు రోజే, కళ్లు మొరాయిస్తున్నాయని, కొండాపూర్‌లోని సంతాన చికిత్స ఆసుపత్రిలో ఉద్యోగం మానేశాను. ఒంటి బయట మొదలైన పిండాలను మొదటి ఐదారు రోజులు కనిపెట్టి ఉండటం నా పని. అవి ఉండే గదిలోకి పూలు పనికిరావు. సెంటు, పౌడరు, వాసన నూనె, ఏవీ పనికిరావు. గాలిలో కలిసే ఏ వాసనైనా ఆ చిన్న ప్రాణానికి చెరుపు చేస్తుందేమోనని భయం. సెలవు రోజున పెట్టుకోవచ్చు కదా అంటారు. పిండాలకు ఆదివారం లేదు, అందుకని నాకూ లేకపోయింది.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి చెప్పి, నలభై దాటాక ఈ పనిలోకి వచ్చాను. నేర్పింది మా సీనియర్. నాకంటే నాలుగేళ్లు పెద్ద, అక్క అనేదాన్ని. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం, మెత్తటి మాట, తప్పు చేస్తే మరీ మెత్తటి మాట. నేను నల్లబల్ల మీద రంగు సుద్దలతో వందసార్లు గీసిన పిండాన్ని మొదటిసారి మైక్రోస్కోపులో చూపించి, ఎలా ఉంది అని అడిగింది. నా బొమ్మలన్నీ అబద్ధాలని తెలిసిపోయింది. మొదటి రోజు అండంలో రెండు చిన్న గుండ్రాలు కనబడాలి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. రెండో రోజుకు నాలుగు కణాలు, మూడో రోజుకు ఎనిమిది. నాలుగో రోజు అవన్నీ హత్తుకుపోయి, ఎక్కడ ఏది ముగిసిందో తెలియని ముద్ద అవుతాయి. ఐదో రోజు ఆ ముద్దలో నీరు ఊరి, లోపల ఖాళీ ఏర్పడుతుంది. చుట్టూ ఉన్న గోడ మావిగా మారుతుంది, లోపల ఒక పక్కన అంటుకున్న చిన్న గుంపు బిడ్డ అవుతుంది. నువ్వు గోడవి, నువ్వు బిడ్డవి అని ఆ కణాలకు ఎవరు చెబుతారని అక్కను అడిగాను. తనకూ తెలియదట, రోజూ అదే అడుగుతూ ఉంటుందట.

నేను చేరిన కొత్తలోనే కోకాపేట నుంచి ఒక అత్తా కోడళ్లు వచ్చేవారు. పాత ఊరివాళ్లు, వాళ్ల పొలాల పక్కనే అప్పుడు టవర్లకు పునాదులు తవ్వుతున్నారు. కోడలికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అప్పటికే రెండుసార్లు చికిత్స ఫలించలేదు. ఇది మూడోది, ఇక తన ఒళ్లు ఓపలేదని ముందే చెప్పేసింది. తీసిన అండాల్లో ఒక్కటే పిండమైంది. ఆ ఇంటి ఆశంతా ఆ ఒక్క దాని మీదే. అత్తగారు మాత్రం పెళ్లికి వచ్చినట్టు రోజూ పొద్దున్నే మల్లెపూలు తెచ్చి నర్సులందరికీ పంచేది. మేమిద్దరం వద్దన్నాం. ఆవిడ మా బోసి తలలు చూసి, కాసేపు ఆలోచించి, అక్క చేయి పట్టుకుంది.

"మా కోడలి కోసం పూలు ఇడిసి పెట్టిన్రా, బిడ్డా?"

మొక్కు అనుకుంది పాపం. నేను అసలు సంగతి చెప్పబోతే అక్క నా చేయి నొక్కి, "అవునండీ" అంది. లోపలికి వచ్చాక నేను నిలదీస్తే, మానేసిన మాట నిజమే కదమ్మా అని నవ్వింది.

ఐదో రోజు పొద్దున చూస్తే, అది ఇంకా ముద్దగానే ఉంది. నీటి జాడ లేదు. ఎదుగుదల ఆగింది అని కాగితం మీద రాసి, ఆ మాట వాళ్లకు చెప్పడానికి లేచాను. అక్క నన్ను ఆపి, తను ఒక్కసారి చూసి, నేను రాసింది కొట్టేసింది.

"అది ఆగిపోయిందా, మనం పెట్టిన గడువు అయిపోయిందా? రెండూ ఒకటి కాదమ్మా."

నాకు సిగ్గేసింది. ఇంకొక్క రోజు చూడాలని చెప్పడానికి బయటికి వెళ్లాను. కోడలు ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు మీటింగులో ఉంది. నా ముఖం చూసి మైకు ఆపింది. అత్తగారే నన్ను ఓదార్చింది. "పదకొండేండ్లు ఆగినం. ఇగ ఒక్క రోజు ఆగలేమా? నువ్వు ఫికర్ చేయకు, బిడ్డా."

ఆరో రోజు నన్నే ముందు చూడమంది అక్క. నీరు ఊరింది. లోపల ఖాళీ, దాని పక్కన చిన్న గుంపు. పై పెంకు ఒక చోట పగిలి, అది బయటికి తొంగి చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఆ గదిలో ఏడవకూడదేమోనని భయం కూడా వేసింది. దాన్ని చల్లగా గడ్డకట్టించి భద్రం చేసి, మరుసటి నెల తల్లి కడుపులో పెట్టారు.

కడుపు నిలిచిందని తెలిసిన రోజున అత్తగారు బుట్టెడు పూలతో వచ్చి, మొక్కు తీరింది, ఇక పెట్టుకోండి అంది. అక్క పూలను చూసింది. అవంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు.

"ఇంకొకరి మొక్కు నడుస్తోందండీ" అంది.

ఆవిడ మూసి ఉన్న మా గది తలుపు వైపు చూసి, బుట్ట తీసుకుని వెళ్లింది. ఆ తర్వాత ఆడపిల్లను ఎత్తుకుని వచ్చినప్పుడు మాత్రం మా కోసం అరటిపళ్లు తెచ్చింది.

మొన్న స్టేషన్లో నా అవస్థ చూసి, పక్కన కూర్చున్న అమ్మాయి పూలు అందుకుని నా జడలో పెట్టింది. మర్నాటికి వాడిపోయాయి, ఒక్క రోజు పువ్వులు. ఆ గదిలో ఈ పూట ఎవరిదో ఐదో రోజు అయి ఉంటుంది. ఒక్క రోజంటే చిన్నదని ఎవరైనా అంటే మాత్రం, నేను ఒప్పుకోలేను.